పత్రం వెనుక గ్రంథం

ప్రాచీన పటాల సేకరణ మంచి అభిరుచే. అయితే గోడకు వేలాడుతున్న పాత పటాన్ని చూసి మురిసిపోయే ముందు, ‘ఇది ఎక్కడి నుండి వచ్చింది?’ అని అడగడం వివేకవంతుల పద్ధతి. నేడు విడివిడిగా అమ్ముడవుతున్న పదహారవ శతాబ్దపు నగరదృశ్యాల్లో అనేకం ఒకప్పుడు గ్రంథాల్లోని పుటలు.

సెబాస్టియన్ మ్యూన్‌స్టర్ కూర్చిన ‘కాస్మోగ్రఫియా’ను ఉదాహరణగా తీసుకుందాం. హీబ్రూ భాషా పండితుడైన ఆయన ఈ బృహద్గ్రంథాన్ని 1544లో బాసెల్ నగరంలో జర్మన్ భాషలో వెలువరించాడు. అంతకుముందు 1493లో వచ్చిన న్యూరెంబర్గ్ చరిత్రగ్రంథంలో ఒకే చెక్కదిమ్మెను వేర్వేరు నగరాల పేర్లతో వాడుకున్నారు. మ్యూన్‌స్టర్ మాత్రం ఆయా ప్రాంతాల వారికి లేఖలు రాసి, వారి నగరాల చిత్రాలను పంపమని కోరాడు. 1550 నాటి ప్రతిలో ఆ నగరదృశ్యాలు విస్తారంగా చేరాయి. ఆ గ్రంథం 1628 వరకు పునర్ముద్రణ పొందుతూనే వచ్చింది.

ఆ చిత్రాల కోసం చెక్కపై గీతలను ఉబ్బెత్తుగా నిలిపి, మిగతా భాగాన్ని తొలిచేసేవారు. సీసపు అక్షరాలు కూడా ఉబ్బెత్తుగానే ఉంటాయి గనుక చిత్రాన్నీ వాక్యాలనూ ఒకే యంత్రంపై కలిపి అచ్చువేయగలిగారు. అందుకే పత్రాన్ని తిప్పి చూస్తే వెనుక గ్రంథభాగం కనిపిస్తుంది. అది జర్మనా, లాటినా, ఫ్రెంచా అన్నదాన్ని బట్టి ఏ ప్రతిలోనిదో నిపుణులు గుర్తిస్తారు. దిమ్మె పగిలినా, పురుగు తొలిచినా ఆ చోట తెల్లని ఖాళీ పడుతుంది.

ముద్రణ సంవత్సరం, చిత్రంలోని కాలం ఒకటే కానక్కరలేదు. 1550 ప్రతిలోని కాన్‌స్టాంటినోపుల్ దృశ్యానికి అంతకుముందు వెనిస్‌లో అచ్చయిన చిత్రం ఆధారం. సులేమానియా మస్జిద్ నిర్మాణం 1550లోనే మొదలై 1557లో పూర్తయింది. కనుక ఆ దృశ్యంలో అది ఉండదు. ఇటువంటి సంగతులు వెనుకనున్న అక్షరాలు, ముందు వెనుకల పుటలు తోడుంటేనే బోధపడతాయి.

అసలు వ్యథ ఇక్కడే ఉంది. సంపూర్ణ గ్రంథాన్ని ఒక్కరికి అమ్మడం కన్నా, దాని చిత్రాలను చించి పదిమందికి అమ్మితే ఎక్కువ లాభమని కొందరు వ్యాపారులు గ్రహించారు. నాలుగు శతాబ్దాలు చెక్కుచెదరని గ్రంథం ఒక్క పూటలో ఛిద్రమవుతుంది. ఈ వ్యామోహం దొంగతనానికీ దారితీసింది. 2005లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నేలపై పడివున్న చిన్న బ్లేడు సిబ్బంది కంటబడింది. ఆనాడు పట్టుబడిన పటాల వ్యాపారి, వేర్వేరు గ్రంథాలయాల నుండి 97 పటాలను దొంగిలించినట్లు మరుసటి ఏడాది అంగీకరించాడు.

కనుక కొనదలచినవారు విక్రేతను మొహమాటం లేకుండా ప్రశ్నించాలి. ఈ పత్రం గ్రంథం నుండి ఎప్పుడు విడిపోయింది? ఇంతకుముందు ఎవరి వద్ద ఉంది? అంచు కొత్తగా కోసినట్లుందా? గ్రంథాలయ ముద్రను చెరిపిన జాడ ఉందా? రంగులు ఆ కాలానివా, ఇటీవల అద్దినవా? తృప్తికరమైన సమాధానం రాకపోతే ఆ బేరం వదులుకోవడమే మేలు. చూసి ఆనందించడమే కోరికైతే, పెద్ద గ్రంథాలయాలు ఈ పుటల ఛాయాచిత్రాలను అంతర్జాలంలో ఉచితంగానే ఉంచాయి.

కొనేవాడు లేనిదే కోసేవాడు ఉండడు. పాత గ్రంథం ఎవరి చేతిలో ఉన్నా, అది రాబోయే తరాల అమానతు. దాన్ని అందుకున్నంత భద్రంగా అప్పగించగలిగినవాడే నిజమైన సేకర్త.