కిలో ప్రాణం... ఏ డాక్టరు చేతిలో?

చూడ్డానికి ముంగిసలా ఉంటుంది. బరువు కిలోకి కాస్త అటూ ఇటూ. పేరు ఫెరెట్. అమెరికాలో చాలా ఇళ్లలో పెంచుకుంటారు, కాలిఫోర్నియా, హవాయిల్లో మాత్రం నిషేధం. మూడేళ్లు దాటాక దీనికి తోక దగ్గర వెంట్రుకలు రాలడం మొదలైతే అడ్రినల్ గ్రంథి జబ్బేమోనని అనుమానించాల్సిందే.

ఆపరేషన్ అనగానే అసలు చిక్కు మొదలవుతుంది. కుక్కలకీ పిల్లులకీ చేసేవాళ్లు దొరికినంత సులువుగా ఫెరెట్ పొట్ట కోసిన అనుభవం ఉన్నవాళ్లు దొరకరు. ఎడమ గ్రంథి తీయడం కాస్త తేలిక. కుడిది పెద్ద సిరని ఆనుకుని ఉంటుంది. చెయ్యి తడబడితే ప్రాణానికే ముప్పు.

అందుకే మొహమాటపడకుండా ముందే అడగాలి. ఏడాదిలో ఎన్ని ఫెరెట్లకి ఆపరేషన్ చేశారు? కుడి గ్రంథి ఎప్పుడైనా తీశారా? మత్తులో ఉండగా ఒళ్లు చల్లబడకుండా ఏం చేస్తారు? ఎన్ని గంటలు పస్తుంచాలి?

ఈ చివరి ప్రశ్నే గీటురాయి. ఫెరెట్ తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికొచ్చేస్తుంది. పైగా ఆ వయసులో క్లోమంలో గడ్డలూ మామూలే. పస్తు ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. 'రాత్రి నుంచీ ఏమీ పెట్టకండి' అన్నారంటే మరొకర్ని వెతుక్కోవడమే మంచిది.

కోత లేని దారి ఉందేమో కూడా అడగాలి. చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ గుళిక జబ్బు లక్షణాల్ని నెలల తరబడి అదుపులో ఉంచుతుంది. గడ్డని మాత్రం తీసేయదు. ముసలి ఫెరెట్‌కి ఒక్కోసారి అదే నయం.

'నాకు అలవాటు లేదు, ఫలానా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి' అని చెప్పేవారూ ఉంటారు. వాళ్లమీద విసుక్కోకూడదు. సగం ప్రాణం కాపాడింది వాళ్లే!