ముసుగు వెనక మనిషి
(మేము చదివిన సూపర్ హీరో కామిక్స్‌పై మా అభిప్రాయాలు)

సూపర్ హీరో కామిక్స్ అంటే చిన్నపిల్లల కాలక్షేపమని చాలామంది పెద్దల అభిప్రాయం. చేతిలో బొమ్మల పుస్తకం కనిపిస్తే చాలు, "పరీక్షలు పెట్టుకుని ఇదేం చదువురా?" అంటారు. పెద్దల మీద గౌరవం ఉంచుకుంటూనే ఈ మాటతో మేము ఏకీభవించడం లేదని మనవి చేసుకుంటున్నాం. ఈ ఏడాది మా గదుల్లో చేతులు మారిన కామిక్స్ అన్నీ ఇంగ్లీషువే. ఒకరు పైకి చదవడం, ఒకరు డిక్షనరీ తిరగేయడం, మిగిలినవాళ్లు వాదించుకోవడం, ఇదీ మా పద్ధతి. ఎవరు ఎక్కువ బలవంతుడు అన్న దగ్గర మొదలైన వాదన ఎప్పుడూ ఇంకో దగ్గర తేలేది. ఇంత బలం ఉన్నవాడు తానెవరో ఎందుకు దాచుకుంటున్నాడు? ఎవరికి భయపడి? సూపర్ హీరో కథలో అసలు విషయం కండలు కాదు, ముసుగు అని మా అభిప్రాయం.

ముందుగా అందరికీ పెద్దన్న లాంటి సూపర్‌మ్యాన్ సంగతి. అతన్ని సృష్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు. ఇద్దరూ 1914లో పుట్టినవారే. అమెరికా ఖండానికి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ వచ్చాడు. ఆ బొమ్మ మీద హక్కులన్నీ వాళ్లు అమ్ముకున్నది కేవలం 130 డాలర్లకు! కంపెనీలు కోట్లు గడించాయి. వీళ్లిద్దరూ కష్టాలు పడి, కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 1975లో పింఛనూ, కథల మీద తమ పేర్లూ సాధించుకున్నారు. ప్రపంచంలోకెల్లా బలవంతుణ్ని సృష్టించినవాళ్లు లోకం దృష్టిలో బలహీనులే అన్నమాట.

అందుకేనేమో తొలినాళ్ల సూపర్‌మ్యాన్‌కు గ్రహాంతర రాక్షసులతో పని లేదు. మొదటి సంచికలోనే భార్యను కొడుతున్న మొగుడికి బుద్ధి చెబుతాడు. మూడో సంచికలో కూలివాడి వేషంలో బొగ్గుగనిలో దిగి, రక్షణ ఏర్పాట్లు చేయని యజమానిని, అతని విందుకొచ్చిన అతిథులతో సహా అదే గనిలో ఇరుక్కునేలా చేస్తాడు. గాలి ఆడక, పార పట్టుకుని తవ్వుకోవలసి వచ్చినప్పుడు గానీ ఆ దొరకు కూలివాడి బాధ తెలియలేదు. 1939 జనవరి సంచికలో మురికివాడ కొంపల్ని తానే కూలగొట్టి, ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టక తప్పని పరిస్థితి తెస్తాడు. చట్టం ఒప్పుతుందా అంటే ఒప్పదు. మాలోనే కొందరు ఒప్పుకోలేదు. కానీ ఎవరి పక్షాన నిలబడ్డాడో చూడండి. తర్వాతి కాలంలో గ్రహాలను నెట్టే సూపర్‌మ్యాన్ కంటే ఈ గనిలో దిగిన సూపర్‌మ్యానే మాకు ఎక్కువ నచ్చాడు.

ఇక మాలో అందరూ ఏకగ్రీవంగా మొదటి బహుమతి ఇచ్చిన పుస్తకం 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ది క్లాన్'. రాసినది జీన్ లూయెన్ యాంగ్, బొమ్మలు గురిహిరు అనే జపాన్ చిత్రకారిణుల జంట. 2019లో మూడు భాగాలుగా మొదలై 2020లో ఒకే పుస్తకంగా వచ్చింది. 1946లో అమెరికా రేడియోలో సూపర్‌మ్యాన్ ఒక కు క్లక్స్ క్లాన్ లాంటి ముఠాతో తలపడే ధారావాహిక ప్రసారమైంది. దాని ఆధారంగా అల్లిన కథ ఇది. చైనా సంతతికి చెందిన లీ కుటుంబం చైనాటౌన్ వదిలి తెల్లవాళ్లుండే పేటకు ఇల్లు మారుతుంది. అన్న టామీ కలుపుగోలు మనిషి. చెల్లెలు రాబర్టా బెరుకు పిల్ల, ఎక్కడా ఇమడలేదు. ఒక రాత్రి వాళ్ల ఇంటి ముందు ముసుగు మనుషులు శిలువ తగలబెడతారు. "ఇది మీ చోటు కాదు" అని చెప్పడానికి వాళ్ల పద్ధతి అది. ఊరి చివర ఉండవలసినవాళ్లు ఊళ్లో ఇల్లు అద్దెకు అడిగితే ఏమవుతుందో మనకు ఎవరూ వివరించనక్కర లేదు.

ఈ కథలో సూపర్‌మ్యాన్ మొదట ఎగరడు. పరిగెత్తుతాడు, గెంతుతాడు, అంతే. చిన్నప్పుడు తన శక్తులు చూసి జనం భయపడిపోయారు. అప్పటినుంచి మరీ వింతగా కనిపించే శక్తులన్నిటినీ లోపలే అణచుకున్నాడు. తాను వేరే లోకం నుంచి వచ్చినవాణ్నన్న సంగతి తనకే గుర్తు రాకుండా బతుకుతున్నాడు. ఆ దాపరికాన్ని పసిగట్టింది రాబర్టా. దాచుకునేవాడి బాధ దాచుకునేవాళ్లకే తెలుస్తుంది కదా! తన పుట్టుకను ఒప్పుకున్నాకే అతను ఆకాశంలోకి ఎగరగలుగుతాడు. మా దృష్టిలో సూపర్ హీరో కామిక్స్ అన్నిటిలోనూ ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు. ఇందులో ఇంకో విశేషం చూడండి. క్లాన్ వాళ్లూ ముసుగే వేసుకుంటారు, హీరో కూడా ఒక రకం ముసుగులోనే ఉన్నాడు. ఒకడిది దాడి చేయడానికి వేసుకున్న ముసుగు, మరొకడిది దాడికి భయపడి వేసుకున్న ముసుగు. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

తర్వాత స్పైడర్‌మ్యాన్. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన ఈ పీటర్ పార్కర్ మనకు బాగా దగ్గరివాడు. తల్లిదండ్రులు లేరు, బాబాయి చనిపోయాడు, ఇంటి అద్దెకు పిన్ని తంటాలు పడుతోంది. 1963లో వచ్చిన సొంత పత్రిక మొదటి సంచికలో ఒక తమాషా ఉంది. ముసుగు వేసుకుని ప్రదర్శన ఇచ్చి స్పైడర్‌మ్యాన్ పేరు మీద చెక్కు సంపాదిస్తాడు. బ్యాంకుకు వెళ్తే గుర్తింపు పత్రం ఏదని అడుగుతారు! గోడలు ఎక్కగలడు గానీ తన కష్టార్జితం తాను తీసుకోలేడు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని స్కాలర్‌షిప్ కోసం తిరిగిన మా మిత్రులందరూ ఈ పేజీ దగ్గర పడీపడీ నవ్వారు. ముసుగు రక్షిస్తుంది నిజమే, కానీ ముసుగు పేరు మీద హక్కు రాదు. హక్కు కావాలంటే సొంత పేరుతోనే కౌంటర్ దగ్గర నిలబడాలి.

మాకు నచ్చనివాడు ఫాంటమ్. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఈ హీరోను మన ముందు తరంవాళ్లు 1964 నుంచి 1990 వరకు వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్‌లో ఇష్టంగా చదువుకున్నారు. పూర్వ విద్యార్థులైన అన్నలకు కోపం రావచ్చు, క్షమించాలి. తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు అదే ముసుగు వేసుకుని ఇరవై ఒక్క తరాలుగా ఆ పీఠం మీద కూర్చుంటారు. అడవి జనం మాత్రం వాడికి చావు లేదని నమ్మి మొక్కుతుంటారు. పుట్టుకతో వచ్చే గొప్పతనం, అజ్ఞానం మీద నిలిచే పెత్తనం మనకు కొత్తవి కావు. ఆ అడవిని కాపాడే మనిషి ఆ అడవి బిడ్డల్లోంచే ఎందుకు రాకూడదు అని మా ప్రశ్న.

ఆ ప్రశ్నకు కొంత జవాబు బ్లాక్ పాంథర్‌లో దొరికింది. 1966లో స్టాన్ లీ, జాక్ కిర్బీ తెచ్చిన ఈ ఆఫ్రికా రాజు ఎవరి దయ మీదా ఆధారపడడు. అతని దేశం వకాండా విజ్ఞానంలో అందరికన్నా ముందుంటుంది. 1976లో డాన్ మెక్‌గ్రెగర్ రాసిన కథలో అతను కూడా క్లాన్‌తో తలపడతాడు. కానీ పత్రిక ఆగిపోయి ఆ కథ మధ్యలోనే నిలిచిపోయింది. ఒక్కటే లోటు. అతను కూడా రాజే. కూలివాడి కొడుకు ఎప్పుడు హీరో అవుతాడు?

అయ్యాడు. కాకపోతే అది కల్పిత కథ కాదు. 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన' సూపర్ హీరో కామిక్ కాకపోయినా, మా జాబితాలో చేర్చక తప్పలేదు. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాసిన ఈ అంబేద్కర్ కథకు పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మంచి మాటలకు పిట్ట ఆకారం, విషపు మాటలకు తేలు కొండి ఉన్న గడి వేయడం చూసి ఆశ్చర్యపోయాం. అంబేద్కర్ స్వయంగా రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బరోడా సంఘటన ఉంది. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చి ఉద్యోగంలో చేరిన ఆయనకు ఆ ఊళ్లో తల దాచుకోవడానికి చోటు లేక, పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగవలసి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు "నువ్వెవరు?" అని నిలదీసి ఖాళీ చేయించారు. అంతటి మనిషికి కూడా ఈ దేశం ముసుగు వేయించింది! అదే మనిషి 1927లో మహాడ్ చెరువు దగ్గర వేలమంది ముందు తన సొంత పేరుతో నీళ్లు తాగాడు. సూపర్‌మ్యాన్ ఎగరడం కన్నా ఆ దోసెడు నీళ్లు మాకు గొప్పగా కనిపిస్తాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మన హాస్టల్ నుంచి పై చదువులకు వెళ్లే ప్రతి విద్యార్థికీ ఈ ముసుగు ఎదురవుతుంది. కొత్త కాలేజీలో మొదటి వారంలోనే "ఇంటిపేరేంటి? మీరేమిట్లు? ఎక్కడుంటున్నావ్?" అని అడుగుతారు. "రూము తీసుకున్నా" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఎవరి పరిస్థితి వారిది. సిగ్గుపడవలసింది దాచుకున్నవాడు కాదు, దాచుకునేలా అడిగినవాడు. అయితే దాచుకోవడానికి ఖర్చయ్యే బలం మాత్రం మనదే. ఎగరడానికి దాచుకున్న రెక్కల్ని అణచుకోవడానికే వాడేస్తే ఎంత నష్టం! ఒక్కడు చెప్పుకోవడం కష్టం. "మేమూ అదే హాస్టల్" అని పక్కన ఇంకో నలుగురు నిలబడితే ఆ మాట తేలికవుతుంది. ఈ పని పూర్వ విద్యార్థులు చేయగలరు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తమ హాస్టల్ పేరు నలుగురిలో గర్వంగా చెప్పుకుంటే, కింద తరగతుల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అంతకన్నా పెద్ద కానుక లేదు.

కామిక్స్‌లో లోపాలు లేవని మేము అనడం లేదు. ఒక్క హీరో వచ్చి గుద్దితే అన్యాయం పోతుందని నమ్మించడం వాటి పెద్ద బలహీనత. సంఘం చేయవలసిన పని ఒక్కడి కండలకు అప్పజెప్పడం మంచిది కాదు. అయినా ప్రశ్నలు రేపే పుస్తకం ఏదైనా మంచి పుస్తకమే. అందుచేత మన గ్రంథాలయంలో గైడ్ల పక్కన ఒక అర కామిక్స్‌కు కేటాయించాలని వార్డెన్ గారిని వినయపూర్వకంగా కోరుతున్నాం. మొదటి పుస్తకంగా 'భీమాయన', రెండోదిగా లీ కుటుంబం కథ ఉండాలని మా సూచన. చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మాతో విభేదిస్తే మరీ సంతోషం. వచ్చే వార్షికోత్సవ సంచికలో మీ పేర్లతోనే రాయండి, మారుపేర్లు వద్దు.