బడే మా దాకా రాలేదు

మా పిల్లలు బడికెందుకు రారని అడుగుతారు. అడిగినవాళ్లే జవాబూ చెప్పేసుకుంటారు: 'సాయిబులకు చదువంటే మదర్సానే కదా!' ఈ ముద్రను మేమిక మోయం.

లెక్క 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలో చదివేది 3 శాతమే. 6 నుంచి 14 ఏళ్ల వాళ్లలో నూటికి 25 మంది బడి మొఖమే చూడలేదు, లేదా నడుమ మానేశారు. మొదటి అంకెకు బెదిరే సమాజం రెండో అంకెకు ఉలిక్కిపడదేం?

పేదరికం అంటారు. మాల మాదిగల గురించీ, లంబాడోళ్ల గురించీ ఇదే మాట అన్నారు. అది అబద్ధమని చూపింది మా రంగారెడ్డి జిల్లానే. 1991 నుంచి శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ ఇక్కడి పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. కూలోళ్లు చదువు వద్దనలేదు. వాళ్లను గేటు బయట నిలబెట్టింది బడి పద్ధతులే.

మాకు ఇంకో గేటుంది. భాష. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. సరే, ఒకటో తరగతి పిల్లను అర్థమయ్యే మాటతో పలకరించే టీచరేరి? ఇంటి భాష తెలుగే అయిన దూదేకుల పిల్లనేమో 'నీకింత మంచి తెలుగెట్లా వచ్చింది?' అని అడుగుతారు. ఒకరికి బడిలో భాష లేదు. ఇంకొకరికి ఉన్న భాష మీద హక్కు లేదు.

2016లో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. మంచిదే. కానీ అవి ఐదో తరగతి నుంచి మొదలు. నాలుగు దాటని పిల్లకు అవి ఉన్నా లేనట్టే. అదే ఏడాది బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళలు కాగానే కుటుంబ పనిలో సాయం చేయవచ్చని సందు విడిచారు. అబ్బా పంచర్ దుకాణంలో ఎవరు కూర్చుంటారో మేం చెప్పాలా?

'ఆడపిల్లకు చదువెందుకు?' అనే మా పెద్దల్నీ వదలం. ఖురాన్‌లో దిగివచ్చిన మొదటి మాట 'ఇఖ్రా', చదువు అని. అది మగపిల్లలకు మాత్రమే దిగిరాలేదు.

మేం దయ అడగడం లేదు. చేవెళ్ల, మొయినాబాద్ సర్కారు బడుల్లో ఉర్దూ తెలిసిన టీచర్లను వేయండి. ఏ నెలలో, ఏ వయసులో వచ్చినా చేర్చుకోండి. అప్పటికీ రాకపోతే అప్పుడు నిలదీయండి మమ్మల్ని.