చదువుకొన్న బిడ్డకు బ్యాంకు కొలువా, కమీషను పనియా?

పరీక్షలు ముగియగానే మన సంఘ సభ్యులనేకులు మమ్ము కలిసికొని, "అబ్బాయి బి.కాం. పూర్తిచేసినాడు, డబ్బు వ్యవహారముల ఉద్యోగములలో దేనియందు ప్రవేశపెట్టవలెను?" అని అడుగుచున్నారు. విత్తనమును ఎంచునపుడు మనము దిగుబడితోపాటు పంటకాలమును, నేలబలమును విచారింతుము. ఉద్యోగ విషయమున మాత్రము మొదటి నెల ఆదాయమునొక్కదానినే చూచుచున్నాము. ఇది పొరపాటని మా యభిప్రాయము.

ఇందుకు మా తప్పిదమునే చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు కుమారునకు, నెలనెల పొదుపు సొమ్ము వసూలుచేయు ఒక కంపెనీలో కమీషను పని మేమే చూపితిమి. మొదటి సంవత్సరము రాబడి బాగుగానే యుండెను. అతడు చేర్పించినవారందఱును మేనమామలు, పినతండ్రులు, ఇరుగుపొరుగువారు. బంధువులు ముగియగానే రాబడియు ముగిసెను. పిమ్మట కంపెనీ చెల్లింపులు నిలిపివేయగా ఊరివారు అతనినే నిలదీసిరి. తండ్రి ఎకరము పొలము అమ్మి కొందఱి సొమ్ము తీర్చెను. మూడేండ్లు తిరిగియు ఆ పిల్లవాడు ఆవర్జా వ్రాయుటయైనను నేర్వలేదు. ఆ రైతు నేటికిని మమ్మొక మాట అనలేదు; అందువలననే మాకు బాధ హెచ్చు.

కావున కుమారునకైనను కుమార్తెకైనను పని చూచుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను. ఇచ్చునది నియతమైన జీతమా, తెచ్చిన సొమ్ముపై కమీషనా? పైమెట్టునకు పోవుటకు వ్రాతపూర్వకమైన నిబంధనలు కలవా? ఆ కొలువు విడిచినను వెంట వచ్చు విద్య యేదైన అబ్బునా? చేరుటకే ధరావతు కట్టుమనువారి గడప తొక్కరాదు.

ప్రభుత్వరంగ బ్యాంకులో గుమాస్తాగా చేరినవాడు క్రమముగా ఆఫీసరు కావచ్చును. జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. అను పరీక్షలలో నెగ్గినచో జీతములో అదనపు పెంపును కలదు. అచట నేర్చిన విద్య పోవునది కాదు. 1923లో మచిలీపట్టణమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పేరుపలక మారినది గాని, పూచీ పరిశీలించి అప్పు ఇచ్చుట ఎఱిగిన ఉద్యోగుల పని పోలేదు.

మన పరపతి సంఘమును సైతము చిన్నచూపు చూడరాదు. 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటర్లకు ఎక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదించినది. దీనికి లెక్కలును పైరులును తెలిసినవారు కావలెను. ఏ నెలలో పెట్టుబడి అవసరమో, ఏ నెలలో పంటసొమ్ము చేతికి వచ్చునో రైతుబిడ్డకు ఒకరు నేర్పనక్కఱలేదు.

ఐతే సంఘములలో జీతము స్వల్పము, పైమెట్లు కొద్ది. ఈ మాట దాచము. మెట్లు లేని ఇంటిలో మంచి పిల్లలు నిలువరు. కావున ఉద్యోగుల శిక్షణమునకును, పదోన్నతికిని స్పష్టమైన నిబంధనలుండవలెనని రాబోవు మహాజనసభలో తీర్మానించి పై యధికారులకు పంపవలెను. మన బిడ్డలు మన సొమ్మును కాపాడవలెనన్నచో, వారి యెదుగుదలను మనము కాపాడవలెనని సభ్యులకు మా మనవి.