పది రోజుల బద్లీ



ఫిబ్రవరి వచ్చిందంటే మన గ్రూపులో కుర్రాళ్ల ఫోన్లకు నిద్ర ఉండదు. ఎన్‌బీఏలో ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగిసే రోజులు కదా. ఎవరు ఎక్కడికి పోయారు, ఎవరి బదులు ఎవరొచ్చారు, ఏ జట్టు మోసపోయింది అని రాత్రి రెండింటిదాకా ఇదే గోల. నేనేమీ తక్కువ తినలేదు లెండి, నేనూ చదువుతూనే ఉంటాను. నాగ్‌పాడా పక్కన పెరిగినవాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి అంటుకోకుండా ఎలా ఉంటుంది? కామాటిపురా సందుల్లోంచి పరుగెత్తి మస్తాన్ తలావ్ గ్రౌండ్‌కు పోవడం, పెద్దవాళ్ల ఆట చూడటం, ఆలస్యంగా ఇంటికొచ్చి బాపుతో తిట్లు తినడం, మా చిన్నతనమంతా ఇదే.

అయితే కుర్రాళ్లు మాట్లాడుకునేదంతా పెద్ద పేర్ల గురించే. నేను చిన్న పేర్ల గురించి రాద్దామనుకుంటున్నాను. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

పెద్ద పేరు సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. 2025 ఫిబ్రవరి మొదటి రోజుల్లో డల్లాస్ మావరిక్స్ జట్టు లూకా డోంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసింది. అప్పటికి అతనికి పాతికేళ్లు. ఎనిమిది నెలల కిందటే ఆ జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లినవాడు. బదులుగా ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 డ్రాఫ్టులో ఒక మొదటి రౌండు అవకాశం వచ్చాయి. అంతా అయిపోయాక గానీ లూకాకు కబురు తెలియలేదు. అభిమానులు స్టేడియం బయట శవపేటిక పెట్టి మరీ ఏడ్చారు. ఆ బేరం చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఉద్యోగం అదే ఏడాది నవంబరులో ఊడింది. అన్యాయమే, కాదనను. కానీ లూకా ఆగస్టులో లేకర్స్‌తో మూడేళ్లకు 165 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. అతని గురించి బాధపడటానికి లోకంలో కోట్లమంది ఉన్నారు. నేను ఒక్కణ్ణి తగ్గితే ఏం కాదు.

ఆ రోజుల్లోనే, టీవీవాళ్లు పట్టించుకోని చోట ఇంకో వ్యవహారం నడుస్తుంది. జనవరి 5 నుంచి జట్లు ఆటగాళ్లను పది రోజులకు తీసుకోవచ్చు. పది రోజులు లేదా మూడు మ్యాచులు, ఏది ఎక్కువైతే అది. ఎవరికో కాలు బెణుకుతుంది, ఎక్కడో ఒక స్థానం ఖాళీ అవుతుంది, చిన్న లీగులో ఆడుతున్నవాడికి ఫోన్ వస్తుంది. వాడు బ్యాగు సర్దుకుని రాత్రికి రాత్రి విమానం ఎక్కుతాడు. పదకొండో రోజు ఎక్కడుంటాడో వాడికే తెలియదు.

దీని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మా బాపు గుర్తొచ్చాడు. మన పెద్దవాళ్లకు వివరించక్కర్లేదు, పిల్లల కోసం రాస్తున్నాను. మిల్లులో పర్మినెంటు కార్మికుడు రాని రోజు అతని బదులు పనిచేసేవాణ్ణి బద్లీ అనేవాళ్లు. బాపు బద్లీ. పొద్దున భోంగా మోగకముందే చొక్కా జేబులో కార్డు పెట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఎవరెవరు రాలేదో చూసుకుని జాబరు బయటికొచ్చి పేర్లు పిలిచేవాడు. పేరు పిలిస్తే ఆ రోజు కూలి. పిలవకపోతే "రేపు చూద్దాం పో". బాపు మధ్యాహ్నం కాకముందే ఇంటికొచ్చాడంటే అమ్మ ఏమీ అడిగేది కాదు. మిల్లు పేరు ఎందుకులెండి, అన్ని చోట్లా అదే కథ. 1982 జనవరి 18న సమ్మె మొదలయ్యేనాటికి బాపుకు ఆ గేటు దగ్గర తొమ్మిదేళ్లు నిండాయి. అప్పటికీ బద్లీయే.

ఇక ఆటకొద్దాం. 2021 డిసెంబరులో కొవిడ్ మళ్లీ విజృంభించి ఎన్‌బీఏ జట్లలో సగం సగం మంది గదుల్లో బందీలయ్యారు. అప్పుడు లీగ్ అచ్చంగా బద్లీల పద్ధతే పెట్టింది. మంచం పట్టినవాడి బదులు ఇంకొకణ్ణి తీసుకోండి అంది. బోస్టన్ జట్టు 40 ఏళ్ల జో జాన్సన్‌ను పిలిచింది. ఇండియానా జట్టు లాన్స్ స్టీఫెన్సన్‌ను పిలిచింది. లీగులో తనకు చోటే లేకుండా గడిపి తిరిగొచ్చినవాడు. 2022 జనవరి 5న బ్రూక్లిన్ మీద మొదటి క్వార్టర్‌లోనే 20 పాయింట్లు, మొత్తం 30 కొట్టాడు. ఆ వీడియో దొరికితే చూడండి. పాయింట్ల కన్నా జనం కేకలు బాగుంటాయి.

ఇంకొకరు గ్యారీ పేటన్. తండ్రి పేరూ అదే, హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడు. కొడుకును 2016 డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు, మళ్లీ చిన్న లీగుకు, అలా తిరిగాడు. 2021 ఏప్రిల్‌లో గోల్డెన్ స్టేట్ పది రోజులకు పిలిచింది. తర్వాత ఇంకో పది. ఆ తర్వాత ఉంచుకుంది, అక్టోబరులో వదిలేసింది, కొన్నాళ్లకే మళ్లీ పిలిచింది. ఆటగాడిగా కుదరకపోతే వీడియోలు తయారుచేసే విభాగంలోనైనా పని ఇవ్వమని జట్టును అడిగాడట. 2022 జూన్‌లో అదే జట్టుతో ఛాంపియన్ అయ్యాడు.

మనవాళ్ల సంగతి కూడా ఉంది. భారతీయ మూలాలున్న ఆటగాడు ఎన్‌బీఏ కోర్టులో మొదటిసారి అడుగుపెట్టింది ఈ పది రోజుల తలుపులోంచే. సిమ్ భుల్లర్, పంజాబ్ నుంచి కెనడా వెళ్లినవాళ్ల బిడ్డ, ఏడడుగుల అయిదంగుళాలు. 2015 ఏప్రిల్ 2న సాక్రమెంటో కింగ్స్ పది రోజులకు రాసుకుంది. ఆ జట్టు యజమాని వివేక్ రణదివే మన ముంబైలోనే పుట్టినవాడు. ఏప్రిల్ 7న చివరి 16 సెకన్లకు దింపారు. మొత్తం మూడు మ్యాచులు, రెండు పాయింట్లు. ఆ తర్వాత ఎన్‌బీఏలో ఎప్పుడూ ఆడలేదు. భారతీయ ప్రేక్షకుల కోసం చేసిన ప్రచారమని కొందరు వెక్కిరించారు. అయితే అయింది. 16 సెకన్లయినా కోర్టులోకి వెళ్లాడు కదా.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట. అదే జట్టు అదే సీజన్‌లో ఒకే ఆటగాణ్ణి మూడోసారి పది రోజులకు తీసుకోవడానికి వీల్లేదు. రెండుసార్లు అయ్యాక సీజన్ చివరిదాకా ఒప్పందం రాయాలి, లేదా వదిలేయాలి. "రేపు చూద్దాం" అనే మాటకు అక్కడ లెక్క ఉంది, రెండుసార్లు. ఇది ఎవరి దయా కాదు. ఆటగాళ్ల యూనియన్‌తో లీగ్ చేసుకున్న ఒప్పందంలో రాసి ఉన్న నియమం. ఆటగాళ్లను సంతలో పశువుల్లా మార్చుకునే లీగ్ అని మనం తిట్టే చోట ఈ పాటి మర్యాద ఉంది. మా బాపుకు తొమ్మిదేళ్లలో దొరకనిది అదే.

మీరు నవ్వుతారని తెలుసు. 2024-25 లెక్కల ప్రకారం కొత్త ఆటగాడికి పది రోజులకు సుమారు 66 వేల డాలర్లు, అంటే అర కోటి రూపాయలకు పైనే. రోజు కూలి బద్లీతో దానికి పోలికా? డబ్బులో పోలిక లేదు, ఒప్పుకుంటాను. కానీ అదే మనిషి చిన్న లీగులో సీజనంతా ఆడితే వచ్చేది 43 వేలు. పది రోజుల్లో ఏడాది సంపాదన దాటిపోతుంది, పదకొండో రోజు మళ్లీ మొదటికి. ఆ ఫోన్ కోసం ఎదురుచూసే మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో గేటు దగ్గర నిలబడ్డవాళ్ల పిల్లలకు తెలుసు.

ఆ పద్ధతిలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొవిడ్ నాటి బదులు ఒప్పందాలను ఆ రెండు సార్ల లెక్కలో కలపలేదు. ఇప్పుడు "టూ వే" అని ఇంకోటి వచ్చింది. జట్టుకు ముగ్గురు, కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం, 50 మ్యాచులకు మించి ఆడించకూడదు, ప్లేఆఫ్స్‌లో చోటు లేదు. నా దృష్టిలో అది బద్లీతనాన్ని కొంచెం మంచి బట్టలేసి వెనక తలుపులోంచి తీసుకురావడమే. యూనియన్ అక్కడ పొరపాటు చేసింది. ఎంత బలమైన సంఘమైనా ఒక కన్ను మూస్తే ఇలాగే అవుతుంది.

ఇంత ఎందుకు రాశానంటే, మన సంఘం ఆఫీసులో పనిచేసే అబ్బాయి ఉన్నాడు కదా. లైబ్రరీ తెరిచేది అతనే, ఉగాదికి మైకు పెట్టేది అతనే, చందా రసీదులు రాసేది అతనే. రిజిస్టరులో అయిదేళ్లుగా "తాత్కాలికం" అనే ఉంది. ప్రతి ఏడాదీ "వచ్చే కమిటీ చూస్తుంది" అంటున్నాం. నేనూ రెండు కమిటీల్లో ఉన్నాను, ఆ కాగితాల కింద నా సంతకమూ ఉంది. ఆ అబ్బాయి నన్ను ఒక్కసారీ అడగలేదు. మా అమ్మ బాపును అడగనట్టే.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెడుతున్నాను. సంఘంలో ఎవరినైనా తాత్కాలికంగా తీసుకుంటే ఆరు నెలలు, అవసరమైతే ఇంకో ఆరు నెలలు. ఆ తర్వాత పర్మినెంటు చేయాలి, లేదా వద్దని ముఖం మీద చెప్పాలి. ఇప్పుడున్న అబ్బాయి సంగతి ఆ రోజే తేల్చాలి. జీతానికి డబ్బు ఎక్కణ్ణుంచి అని కోశాధికారి గారు అడుగుతారు, సబబైన ప్రశ్నే. హాలు అద్దెల లెక్క నేను వేసి తెస్తాను. సమర్థించేవాళ్లు కింద పేరు రాయండి. వ్యతిరేకించేవాళ్లు కూడా రాయండి, సమావేశానికి ముందే కూర్చుని మాట్లాడుకుందాం. టీ నా ఖర్చు.