ఒక డిపోలో పాస్, మరో డిపోలో తనిఖీ

దరఖాస్తుకి ఆఖరి రోజు. ఉదయగిరిలో ఓ నెట్ సెంటర్. ఫారం సగం నింపాక ‘మళ్లీ లాగిన్ అవ్వండి’ అని తెర మీద పడుతుంది. మళ్లీ ఓటీపీ, మళ్లీ మొదటి పేజీ. సెంటర్ అబ్బాయిని తిట్టుకుంటాం. కొన్నిసార్లు తప్పు అతనిదీ కాదు, నెట్‌దీ కాదు. ఎక్కడో రెండు లాగిన్ సర్వర్లు ఒకదాని సంగతి ఇంకోదానికి వేళకి చెప్పలేదు, అంతే.

ఒక్కసారి లాగిన్ అయితే పది సైట్లు తెరుచుకునే పద్ధతే సింగిల్ సైన్ ఆన్. 2022 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘మేరీ పెహచాన్’ అలాంటిదే. యేల్ యూనివర్సిటీలో పుట్టిన ‘క్యాస్’, ఇప్పుడు అందరూ వాడే ‘కీక్లోక్’ కూడా ఆ పని చేసేవే. లాగిన్ సర్వర్ పడితే దాని వెనకున్నవన్నీ పడినట్టే. అందుకే రెండు పెడతారు. మరి ఎవరు లాగిన్ అయ్యారన్న లెక్క ఏ సర్వర్లో ఉండాలి?

ఆత్మకూరు, ఉదయగిరి రెండు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి కదా. ఆత్మకూరులో పాస్ ఇచ్చారనుకోండి. ఆ నంబరు ఉదయగిరి పుస్తకంలో కూడా ఉండాలి. ఇవ్వగానే ఫోన్ చేసి, అక్కడ రాసుకున్నారని తేలాకే పాస్ చేతికివ్వడం ఒక పద్ధతి. క్యూ నెమ్మదిస్తుంది, ఫోన్ పోతే పనే ఆగిపోతుంది. ఇది సింక్రనస్. పాస్ ఇచ్చేసి, నంబర్లు సాయంత్రం బస్సులో పంపడం ఎసింక్రనస్. ఈలోపు ఎవరైనా అడిగితే ‘మా పుస్తకంలో లేదు’ అంటారు. మెమ్‌క్యాష్‌డ్ దారి వేరు: నంబర్లని రెండు డిపోలకీ పంచేస్తుంది, నకలు ఉంచదు. ఒక డిపో మూతపడితే దాని వాటా నంబర్లు పోయినట్టే. రెడిస్‌లో అసలు పుస్తకం ఒకటే, వెనకాల నకలు నడుస్తుంటుంది. ఆ నకలు మామూలుగా కాస్త ఆలస్యంగానే అందుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. క్యాస్‌లో ముఖ్యంగా రెండు రకాల టికెట్లుంటాయి. ఒకటి గంటల తరబడి ఉండే పాస్ లాంటిది. రెండోది సర్వీస్ టికెట్: ఒక సైట్‌కి, ఒక్కసారికి మాత్రమే. దాని గడువు డిఫాల్ట్‌గా 10 సెకన్లు. ‘స్టికీ సెషన్ పెట్టాం, యూజర్ ఎప్పుడూ అదే సర్వర్‌కి వెళ్తాడు, ఇంక నకలెందుకు’ అని నా మొదటి ఉద్యోగంలో మేమూ ధీమాగా ఉన్నాం. స్టికీ అన్నది బ్రౌజర్‌కి. టికెట్ నిజమేనా అని అడిగేది బ్రౌజర్ కాదు, ఆ సైట్ సర్వర్. ఆ కాల్ రెండో సర్వర్‌కి వెళ్లేది, నకలు ఇంకా చేరేది కాదు. ఒకసారి లాగిన్ అవుతుంది, ఒకసారి కాదు. పట్టుకోవడానికి మాకు వారం పట్టింది, అదీ లాగ్‌లలో టైమ్ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తెలీలేదు.

అందుకే ‘ఏ క్యాష్ మంచిది’ అన్న ప్రశ్నే నాకు నచ్చదు. ఏ టికెట్‌కి ఎలాంటి నకలు అని అడగాలి. సర్వీస్ టికెట్‌కి సింక్రనస్ తప్పదు. పాస్‌కి ఎసింక్రనస్ చాలు, పోయినా యూజర్ మళ్లీ లాగిన్ అవుతాడు (ఆఖరి రోజు తప్ప!). రెండు మూడు సర్వర్లయితే అందరి దగ్గరా పూర్తి నకలుండే ఇన్ఫినిస్పాన్ లాంటివి సరిపోతాయి. సర్వర్లు పెరిగేకొద్దీ ప్రతి రాతా అందరికీ వెళ్లాలి, అప్పుడది బరువు. గట్టి డేటాబేస్ ఇప్పటికే ఉన్నచోట కొత్త క్యాష్ తెచ్చి తలకెత్తుకోవడం దేనికి? 2024లో వచ్చిన కీక్లోక్ 26 కూడా యూజర్ సెషన్లని డిఫాల్ట్‌గా డేటాబేస్‌లోనే దాస్తోంది. సర్వర్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అయినా లాగిన్లు పోవు.

రెజ్యూమేల్లో ‘రెడిస్’ అని రాసేవాళ్లు బోలెడు. పేర్లు అడిగి సరిపెట్టుకునే ఇంటర్వ్యూ వాళ్ల తప్పూ ఇందులో ఉందిలెండి. మీ ల్యాప్‌టాప్‌లోనే డాకర్‌లో రెండు కీక్లోక్‌లు, ఒక డేటాబేస్, ముందొక ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టండి. లాగిన్ అయ్యి ఒకదాన్ని ఆపేయండి. తర్వాత రెండూ నడుస్తుండగా వాటి మధ్య నెట్‌వర్క్ తెంచి చూడండి. రెజ్యూమేలో క్యాష్ పేరు కాదు, అప్పుడు ఏమైందో రెండు లైన్లు రాయండి. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు మొదట అడిగేది ఆ రెండు లైన్ల గురించే.