అమ్మ సీరియళ్ల డబ్బా, మన వీసా

మొన్న శనివారం ఫ్రీమాంట్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో భోజనాలు. పదిహేను మందిమి. చెప్పులు విప్పగానే అందరూ అడిగిన మొదటి మాట "వైఫై పాస్‌వర్డ్ ఏంటన్నా?" ఆయన వంటింట్లోంచే కేకేసి చెప్పాడు. ఆయన ఫోన్ నంబరే. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో సగానికి పైగా సాఫ్ట్‌వేర్. ఇద్దరైతే సెక్యూరిటీ టీముల్లోనే పనిచేస్తారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. నేనూ అంతే. ఆ సిగ్గుతోనే రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు. తిట్టాలనిపిస్తే మొత్తం చదివాక తిట్టండి.

ఈ విషయం ఎత్తితే మనవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "మన దగ్గర ఏముంది బాబూ దోచుకోడానికి?"

ఉంది. మీ బ్యాంకు బ్యాలెన్సు కాదు, మీ ఇంటి ఇంటర్నెట్ అడ్రసు. ఎక్కడో కూర్చున్న మోసగాడు దొంగిలించిన కార్డు వాడబోతే వెబ్‌సైటు అనుమానపడి ఆపేస్తుంది. అదే పని మీ ఇంటి కనెక్షన్ గుండా వస్తే? ఎవరో ఫ్రీమాంట్ సంసారి కిరాణా సామాన్లు కొనుక్కుంటున్నాడనుకుంటుంది. అందుకే మన ఇళ్ల అడ్రసులు అద్దెకి తిప్పే బజారే ఒకటుంది. 2024 మే నెలలో అమెరికా ప్రభుత్వం '911 ఎస్5' అనే దుకాణాన్ని మూయించింది. అందులో అమ్మకానికి పెట్టిన అడ్రసులు కోటీ 90 లక్షలు. ఆ కంప్యూటర్లలోకి అది ఎలా దూరింది? చాలావరకు ఉచిత వీపీఎన్‌ల రూపంలో. ఇక్కడ రాని క్రికెట్ మ్యాచ్ కోసం దొరికిన ఉచిత వీపీఎన్‌నల్లా దించుకునేవాళ్లం మనలో ఎంతమందిమి లేం?

"అయితే ఏంటి, నేను తప్పు చేయలేదుగా" అంటారు. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఒకాయన ఇంటి తలుపు తెల్లవారకముందే బద్దలుకొట్టుకుని, తుపాకులతో ఏజెంట్లు లోపలికొచ్చారు. పిల్లల అశ్లీల చిత్రాలు దించుకున్నావని ఆరోపణ. చేసింది పక్కింటివాడు. ఈయన వైఫైకి పాస్‌వర్డ్ లేదు, అంతే. కొన్ని రోజులకి నిజం బయటపడింది. సరే. ఆయనకి అక్కడితో పోయింది. అదే మన సంగతి ఆలోచించండి. ప్రతి వీసా స్టాంపింగుకీ నింపే డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని ఒక ప్రశ్న ఉంటుంది. అమాయకుడివని తేలినా అక్కడ అవునని రాసి, కాగితాలన్నీ పట్టుకుని కాన్సులేటు కిటికీ ముందు వివరించుకోవాల్సింది మనమే.

ఇప్పుడు అసలు నొప్పి. మన ఇళ్లలో టీవీ పక్కన ఉండే చిన్న నల్ల డబ్బా. ఒక్కసారి డబ్బు కడితే తెలుగు చానళ్లన్నీ, కొత్త సినిమాలన్నీ. పేరు తెలియని కంపెనీ. నేనూ కొన్నా. అమ్మ ఆరు నెలలకని వచ్చింది. మేమిద్దరం పనికి పోతే ఆవిడకి ఇక్కడ భాష రాదు, కారు రాదు, పలకరించే మనిషి లేదు. మధ్యాహ్నం సీరియల్ ఒక్కటే తోడు. డబ్బా పెట్టేటప్పుడు గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆపెయ్యమని అడిగింది. ఆపేశా. ఆఫీసులో అదే పని ఎవరైనా చేస్తే నేనే వాళ్ల మీద టికెట్ వేసేవాణ్ణి! అమ్మ వెళ్లిపోయి ఏడాదైనా ఆ డబ్బా ప్లగ్గులోనే ఉంది, నా ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్న వైఫైలోనే.

2025 జూన్‌లో ఎఫ్‌బీఐ 'బ్యాడ్‌బాక్స్ 2.0' గురించి హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి చవక డబ్బాల్లో కొన్నింట్లో కొనకముందే దొంగ సాఫ్ట్‌వేర్ ఉంటోంది, ఇంకొన్నింట్లో యాప్‌లు దించేటప్పుడు చేరుతోంది. ప్లే ప్రొటెక్ట్ ఆపమని అడగడం అనుమానించాల్సిన గుర్తుల్లో ఒకటి అని అందులోనే ఉంది. కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయని జులైలో గూగుల్ కోర్టుకెళ్లింది. నా డబ్బాలో ఆ పురుగు ఉందో లేదో తెలుసుకోడానికి నేను ఆగలేదు. పీకి పారేశా.

"నెలనెలా చందాలు కట్టే స్తోమత అందరికీ ఉండదు, నీతులు చెప్పకు" అని కామెంటు వస్తుందని తెలుసు. నిజమే. ఒకే ఇంట్లో నలుగురు సర్దుకుని, ఊరికి డబ్బు పంపేవాళ్ల లెక్క నాకూ తెలుసు. కానీ ఆ డబ్బా ఉచితం కాదన్నా, దాని అద్దె మీ పేరు మీద ఎవరో వసూలు చేసుకుంటున్నారేమో. అమ్మ వచ్చిన ఆ ఆరు నెలలకే ఒక చానల్ చందా కట్టండి. ఆమె చూసేది నాలుగు సీరియళ్లు, నాలుగొందల చానళ్లు కాదు.

"రౌటర్ సంగతి నెట్ కంపెనీ చూసుకుంటుంది" అనేది ఇంకో మాట. కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి ఇలాంటి పరికరాలకి ఒక్కోదానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలి, లేదా మొదటిసారి వాడేటప్పుడే మార్పించాలి అని చట్టం ఉంది. మంచిదే. కానీ పాత రూమ్మేట్ వదిలేసి వెళ్లిన పదేళ్ల నాటి రౌటర్‌ని ఆ చట్టం కాపాడదు. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన పాత రౌటర్లలోకి దూరి వాటిని అద్దెకిస్తున్నారని 2025 మే నెలలో ఎఫ్‌బీఐ చెప్పింది కూడా.

ఈ ఆదివారం అరగంట చాలు. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు, రెండూ మార్చండి. ఫోన్ నంబరు వద్దు, పిల్లల పేర్లు వద్దు, నాలుగైదు సంబంధంలేని తెలుగు మాటలు కలిపి పెట్టండి. డబ్ల్యూపీఏ2 లేదా 3 ఉంచండి. డబ్ల్యూపీఎస్, బయటినుంచి రౌటర్ నడిపే సౌకర్యం రెండూ ఆపండి. అప్‌డేట్ చేయండి; అప్‌డేట్లు రాని రౌటర్ మార్చేయండి. గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి చుట్టాలు, టీవీ, కెమెరాలు అన్నీ అందులో పెట్టండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వాటితో కలవకూడదు. దాని గుండా ఏదైనా జరిగి ఉద్యోగం పోతే హెచ్1బీ మీద మనకి మిగిలేది మహా అయితే 60 రోజులు.

పై ఫ్లోరు కుర్రాళ్లకి పాస్‌వర్డ్ ఇచ్చి బిల్లు పంచుకుంటున్నారా? వాళ్లు మంచోళ్లే. వాళ్ల ఫ్రెండ్సు, ఆ ఫ్రెండ్సు ఫోన్లలో యాప్‌లు ఎలాంటివో మీకు తెలీదు. బిల్లు మాత్రం మీ పేరు మీద.

ఆ శనివారం భోజనాల ఫ్రెండ్‌కి రాత్రే ఫోన్ చేశా. "నా నంబరు అందరికీ తెలిసిందేగా, గుర్తుంటుందని పెట్టా" అన్నాడు. అదే కదన్నా నేను చెప్పేది. మార్చాడు. వచ్చే శనివారం భోజనాలు మా ఇంట్లో. పాస్‌వర్డ్ అడగండి, ఇస్తా. గెస్ట్‌ది.